పులిహోర చెత్త ఎలా అవుతుంది? శేషాచలం అడవిలో అపోహలు - వాస్తవాలు

తలకోనకు వచ్చే పర్యాటకులకు దారి చూపించడం, వారు తిరిగి వెళ్లాక దారి పొడవునా మిగిలిపోయినదంతా ఏరడం నా పని. జలపాతం దగ్గర ప్లాస్టిక్ సీసా పడేసిన యువకుడిని నిలదీస్తే చాలాసార్లు తల దించుకుని తీసుకుంటాడు. మిగిలిన పులిహోరను విస్తరితో సహా బండ మీద పెట్టి వెళ్లే పెద్దావిడను ఆపితే మాత్రం ఆవిడ నన్నే కఠినాత్ముడిని చూసినట్టు చూసి, "పాపం, నోరులేని జీవాలు నాయనా, తిననీ" అంటుంది. సీసా పడేసినవారికంటే ఈ దయగలవారికి నచ్చజెప్పడమే నాకు కష్టమవుతోంది.

అపోహ: తినే పదార్థం చెత్త కాదు. జంతువులు తింటాయి, లేకపోతే మట్టిలో కలిసిపోతుంది.

వాస్తవం: అడవికి అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తున్న నమ్మకం ఇదే. అరటి తొక్క, బత్తాయి తొక్క ఎండాకాలపు ఎండు నేల మీద నెలల తరబడి అలాగే ఉంటాయి. అవి కుళ్లేలోపు వాసన పట్టి కోతులు, ఊరకుక్కలు, అడవిపందులు చేరతాయి. కాయలు తిని గింజలను అడవంతా చల్లవలసిన కోతి, రోజూ ఒకే మలుపు దగ్గర తేలికగా తిండి దొరకడం మరిగితే అడవిలోకి వెళ్లడమే మానేస్తుంది. అప్పటి నుంచి కవరు గలగలమన్న చప్పుడే దానికి పిలుపు. చేతిలో ఉన్నది బిస్కెట్ పొట్లమా, పసిబిడ్డ మందుల సంచా అన్నది అది చూడదు. లాక్కుంటుంది, ఇవ్వకపోతే గీరుతుంది. బండ్ల వెంట పరుగెత్తి చక్రాల కింద పడి చచ్చేవి కూడా ఇలా అలవాటు పడ్డ కోతులే.

ఇక చిరుత సంగతి. చిరుత పులిహోర కోసం రాదు; పులిహోర కోసం వచ్చిన కుక్క కోసం, పంది కోసం వస్తుంది. 2023 ఆగస్టులో ఇదే అడవి గుండా తిరుమలకు వెళ్లే అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో మరణించిన తర్వాత పిల్లలతో నడిచేవారికి దేవస్థానం సమయపరిమితి పెట్టింది, దారిలో జంతువులకు తిండి పెట్టవద్దని కోరింది. ఆ దుర్ఘటనకు ఎవరో పడేసిన చెత్తే కారణమని నేను అనను, అనే హక్కు నాకు లేదు. కానీ చిరుతలను ఎక్కడి నుంచో తెచ్చి ఇక్కడ వదులుతున్నారని వాట్సాప్‌లో తిప్పుతున్నవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. ఇది 1989లోనే శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి, 2010 నుంచి శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంలో భాగం. చిరుతలు ఎప్పటి నుంచో ఇక్కడివే. వాటి వేటను మెట్ల పక్కకు రప్పించకుండా ఉండటం మన చేతిలో ఉన్న పని.

తిండి కవరులో మూటగట్టి పడేస్తే నష్టం మరో మెట్టు ఎక్కుతుంది. ఒకసారి దారి దగ్గర చచ్చి పడి ఉన్న దుప్పి కడుపును పశువైద్యుడు కోసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తాడులా మెలిపడిన కవర్ల ముద్దలో ఒక పాలప్యాకెట్ ముక్క ఉంది. దాని మీద అచ్చువేసిన తేదీ ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. ఉప్పు, నూనె అంటిన కవరును నెమరువేసే జంతువు నమిలి మింగుతుంది. అది అరగదు, ముందుకు కదలదు. కడుపు నిండినట్టే ఉండి జంతువు మేత మానేసి చిక్కి చస్తుంది.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అక్కరలేదు. కాగితపు టీ కప్పు లోపలి వైపు సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది, సిగరెట్ ఫిల్టర్ కూడా ప్లాస్టిక్ పీచే, కాబట్టి రెండూ తిరిగి మీ సంచిలోకే వెళ్లాలి. ముఖం, చేతులు తుడుచుకునే వెట్ వైప్స్, పిల్లల డైపర్లు బట్టలా చివికిపోవు. చెత్తను పాతిపెడితే పంది, ఎలుగుబంటి తవ్వి తీస్తాయి. కాలిస్తే విషపు పొగ వస్తుంది, పైగా ఆకులు రాలిన వేసవి అడవిలో ఒక్క నిప్పురవ్వ కొండంతా పాకగలదు. ఊడ్చేవాళ్లు ఉన్నారు కదా అనేవారు, గుండం అడుగున పగిలిన బీరుసీసా ముక్కలను చేతితో తడుముతూ ఏరడం ఎలా ఉంటుందో ఒక్కసారి వచ్చి చూడవచ్చు. జరిమానా వేస్తే వాదించేవారికి ఒక మాట: అభయారణ్యంలో చెత్త వేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిషేధించింది, అది జాతీయ పార్కుకూ వర్తిస్తుంది.

కోతి గీరిన బిడ్డను ఎత్తుకుని ఏడుస్తూ వచ్చే తల్లులను మాత్రం నేను ఎన్నడూ తప్పుపట్టను. అమ్మా, పసుపు, సున్నం, కాఫీపొడి ఏవీ గాయానికి పెట్టకండి. పారే నీటిలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించండి. చిన్న గీతే కదా అని ఆగవద్దు.

షుగరు ఉన్న పెద్దవారు వెంట తిండి తెచ్చుకోవచ్చా అని భయపడుతూ అడుగుతారు. నిస్సంకోచంగా తెచ్చుకోండి. మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో తెచ్చుకుని, కోతులు లేని చోట లేదా బండిలోనే తలుపులు వేసుకుని తినండి. మిగిలిన మెతుకులను డబ్బాలోనే ఉంచి మూత పెట్టి, ఇంటికి వెళ్లాక కడుక్కోండి. నీళ్లకు స్టీలు లేదా రాగి సీసా తెచ్చుకుంటే తిరుమల కొండకు వెళ్లినప్పుడూ అదే పనికివస్తుంది, ఎందుకంటే అక్కడ ప్లాస్టిక్ నీళ్ల సీసాలను అనుమతించరు.