దావా హక్కు పోయింది, పరిహారం బాకీ మిగిలింది

2023 చివర్లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన బాధితులైన కొందరు వృద్ధులు, ఎక్కువగా ఆడవాళ్లు, జోహన్నెస్‌బర్గ్‌లోని రాజ్యాంగ న్యాయస్థానం బయట మకాం పెట్టి పరిహారం అడగడం మొదలుపెట్టారు. ఆ పాలన 1994లోనే పోయింది. వీళ్ల లెక్క ఇంకా ఎందుకు తేలలేదో తెలియాలంటే ముందు క్షమాభిక్ష సంగతి చూడాలి.

1995 చట్టంతో ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షుడిగా, వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించే సత్య, సయోధ్య కమిషన్ ఏర్పడింది. రాజకీయ కారణాలతో నేరం చేసినవాళ్లు నిజం పూర్తిగా చెబితే క్షమాభిక్ష దొరికేది. అది దొరికినవాళ్ల మీద క్రిమినల్ కేసు ఉండదు, బాధితులు నష్టపరిహారం కోసం సివిల్ దావా కూడా వేయలేరు. 1977లో పోలీసు కస్టడీలో చనిపోయిన వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో కుటుంబం, మరికొందరు దీన్ని సవాలు చేశారు. చట్టం చెల్లుతుందని 1996లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. బాధితులకు ప్రభుత్వమే పరిహారం చూస్తుందన్న ఏర్పాటును కూడా ఆ తీర్పు లెక్కలోకి తీసుకుంది. అందుకే ఈ డబ్బును సర్కారు దయగా ఇచ్చే సాయంగా చూడకూడదు. వాళ్ల చేతిలోని హక్కు తీసుకున్నందుకు కట్టాల్సిన బాకీ ఇది.

కానీ క్షమాభిక్ష ఇచ్చే అధికారం కమిషన్ కమిటీకే ఉండేది, ఇస్తే వెంటనే అమలయ్యేది. పరిహారం దగ్గరకొచ్చేసరికి కమిషన్ సిఫారసు మాత్రమే చేయగలిగేది. ఒక్కో బాధితుడికి ఏటా సుమారు 17,000 నుంచి 23,000 రాండ్లు (దక్షిణాఫ్రికా కరెన్సీ), ఆరేళ్ల పాటు ఇవ్వాలని 1998లో సిఫారసు చేసింది. అంటే తక్కువలో తక్కువ లక్ష రాండ్లు దాటాలి. తక్షణ సాయం పేరుతో ముందు చిన్న మొత్తాలు అందాయి. అసలుది మాత్రం 2003 ఏప్రిల్ దాకా తేలలేదు. అప్పుడు అధ్యక్షుడు థాబో ఎంబెకి ఒకేసారి 30,000 రాండ్లు ఇస్తామని ప్రకటించి, వర్ణవివక్షతో లాభపడిన వ్యాపార సంస్థలపై ప్రత్యేక పన్ను వేయాలన్న సూచనను పక్కన పెట్టారు.

అదైనా అందరికీ కాదు. జాబితాలో ఉన్నది సుమారు 22,000 మందే, గడువులోగా కమిషన్‌కు వాంగ్మూలం ఇచ్చినవాళ్లే. కబురు అందనివాళ్లు, భయపడినవాళ్లు, తమపై జరిగిన అత్యాచారం గురించి నోరు విప్పలేకపోయినవాళ్లు బయటే ఉండిపోయారు. డబ్బు లేక ఇవ్వలేదనడానికీ లేదు. పరిహారం కోసమే పెట్టిన ప్రెసిడెంట్స్ ఫండ్‌లో వంద కోట్ల రాండ్లకు పైగా ఖర్చు కాకుండా పేరుకుపోయింది. బాధితుల సంఘం ఖులుమాని ఆ జాబితాను మళ్లీ తెరవమని ఏళ్లుగా అడుగుతోంది.