నొతారియో అంటే నోటరీ కాదు: మెక్సికో సివిల్ న్యాయ పదాల వెనుక చరిత్ర

మెక్సికో సివిల్ న్యాయ పదాలను జేబులో పట్టే నిఘంటువుగా కూర్చబోయే న్యాయవాదిని ఎక్కువగా తిప్పలు పెట్టేవి, ఇంగ్లిష్‌లోనూ ఉన్నట్టే కనిపించే మాటలు. 'నొతారియో' అందుకు మంచి ఉదాహరణ. మనకు నోటరీ అంటే కోర్టు దగ్గర బల్ల వేసుకుని అఫిడవిట్‌పై ముద్ర వేసే వకీలు. మెక్సికోలో నొతారియో న్యాయశాస్త్రం చదివి, పరీక్ష నెగ్గి, రాష్ట్ర ప్రభుత్వ నియామకం పొందినవాడు. ఇల్లు చేతులు మారితే దస్తావేజు రాసి, పన్ను లెక్కగట్టి, అసలు ప్రతిని 'ప్రొతొకోలో' అనే తన దస్తావేజుల సంపుటిలోనే భద్రపరచి, కొన్నవారికి 'తెస్తిమోనియో' అనే ధ్రువీకృత నకలు ఇస్తాడు. అమెరికాలో 'నొతారియో' అన్న బోర్డు చూసి న్యాయవాదే అనుకుని వలసదారులు మోసపోతుండటంతో, టెక్సస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు అక్కడి నోటరీలు ఆ స్పానిష్ పేరుతో ప్రకటించుకోవడాన్ని నిషేధించాయి.

ఈ తేడాకు మూలం రోమన్ న్యాయంలో ఉంది. 1821లో స్వాతంత్ర్యం వచ్చినా, రోమన్ న్యాయం ఆధారంగా రాసిన 13వ శతాబ్దపు కాస్తిలియా శాసనమైన 'సియెతె పార్తిదాస్' సహా స్పెయిన్ చట్టాలు దశాబ్దాల పాటు చెల్లుబాటయ్యాయి. ఒహాకా రాష్ట్రం 1827-29లోనే సొంత సివిల్ కోడ్ (ఆస్తి, ఒప్పందం, వారసత్వం వంటి వాటి నియమాలను ఒకచోట కూర్చిన స్మృతి) చేసుకుంది. రాజధాని ప్రాంతానికి మాత్రం 1870 దాకా అది రాలేదు. 1884లో దాన్ని మార్చారు. విప్లవానంతరం 1928లో రాసిన కోడ్ 1932లో అమలుకొచ్చి, 2000లో ఫెడరల్ కోడ్‌గా, రాజధాని కోడ్‌గా విడిపోయింది. ప్రతి రాష్ట్రానికీ సొంత కోడ్ ఉంది కాబట్టి, ఏ కోడ్ ప్రకారమో చెప్పని నిర్వచనాన్ని నేనైతే సగం నిర్వచనమనే అంటాను.

ఆస్తిని ఒక ధర్మకర్త పేరిట ఉంచి మరొకరి మేలు కోసం నడిపే ఏర్పాటైన 'ఫిదెయ్‌కొమీసో' సంగతి వేరు. ఇంగ్లిష్ ట్రస్టును చూసి 1920లలో తెచ్చుకున్నదే అయినా, మెక్సికోలో ధర్మకర్త స్థానంలో సాధారణంగా బ్యాంకు ఉంటుంది. సరిహద్దుకు 100 కిలోమీటర్లు, తీరానికి 50 కిలోమీటర్ల లోపు భూమిపై విదేశీయులకు నేరుగా యాజమాన్యం ఇవ్వరాదని రాజ్యాంగం 27వ అధికరణం అంటుంది కనుక, అక్కడి ఆస్తిని బ్యాంకు పేరిట ఉంచాలి; సముద్రపు ఒడ్డున ఇల్లు కొనే అమెరికన్‌కు మొదట ఎదురయ్యే మాట ఇదే.

2023లో సివిల్, కుటుంబ వ్యాజ్యాల విచారణకు దేశమంతటికీ ఒకే ప్రక్రియా స్మృతి తెచ్చారు; అది 2027 ఏప్రిల్‌లోగా అన్నిచోట్లా అమలు కావాలి. ఆస్తి, ఒప్పందం, వారసత్వాల నిర్వచనాలు మాత్రం ఎప్పటిలాగే రాష్ట్రాల కోడ్‌లలోనే ఉన్నాయి.