టీవీ కేబుల్: సిగ్నల్‌కు పైపొర, కరెంటుకు తీగంతా

డిష్ కేబుల్ ముక్క ఒకదాన్ని బ్లేడుతో ఒలిచి చూస్తే, పైతొడుగు కింద సన్నని తీగల అల్లిక, దాని లోపల అల్యూమినియం రేకు, ఆ లోపల తెల్లని నురుగు ప్లాస్టిక్, నట్టనడుమ రాగిరంగు తీగ ఒకటి కనిపిస్తాయి. సిగ్నల్ ప్రయాణించేది ఆ తీగకూ రేకుకూ నడుమనున్న నురుగు ప్లాస్టిక్‌లోనే కాబట్టి, కేబుల్‌ను గోడ మూలలో మడత పడేలా వంచినా, మేకుతో బిగించి నొక్కినా ఆ చోట దాని లక్షణమే మారిపోతుంది. ఆ లక్షణాన్నే ఇంపిడెన్స్ అంటారు, అంటే సిగ్నల్‌కు కేబుల్ చూపే ఒక రకమైన నిరోధం; టీవీ పరికరాలన్నీ 75 ఓంల ఇంపిడెన్స్‌కు తయారైనవి. రేడియో ప్రసార పరికరాలకు వాడే 50 ఓంల కేబుల్ చూడటానికి ఇలాగే ఉన్నా, ఇక్కడికి తగదు.

పౌనఃపున్యం పెరిగేకొద్దీ కేబుల్ మింగే సిగ్నల్ పెరుగుతుంది. ఉపగ్రహం నుంచి పది గిగాహెర్ట్జ్‌కు పైన వచ్చే సిగ్నల్‌ను డిష్ ముందుండి దాన్ని అందుకునే చిన్న పరికరం, ఎల్‌ఎన్‌బి, 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌ల మధ్యకు దించి పంపేది అందుకే. అంత దించినా, మామూలు ఆర్‌జీ-6 కేబుల్‌లో 1000 మెగాహెర్ట్జ్ వద్ద వంద మీటర్లకు సుమారు 20 డెసిబెల్స్ పోతాయి. అంటే 20 మీటర్లు దాటేసరికి బయలుదేరిన శక్తిలో 40 శాతమే మిగులుతుంది. అంతకన్నా సన్నని ఆర్‌జీ-59 పొట్టి దూరాలకే సరి. లావుపాటి ఆర్‌జీ-11లో నష్టం తక్కువే కానీ, వంచడం కష్టం.

కొనేటప్పుడు చాలామంది అడగనిది నడుమ తీగ దేనితో చేశారన్న సంగతి. ఎన్నో కేబుళ్లలో అది రాగిపూత వేసిన ఉక్కు. ఇది మోసమేమీ కాదు: 1000 మెగాహెర్ట్జ్ వద్ద విద్యుత్తు రాగి ఉపరితలంలో సుమారు రెండు మైక్రాన్ల లోతుకే పరిమితమవుతుంది కాబట్టి, లోపలి ఉక్కుతో సిగ్నల్‌కు పనే లేదు. అయితే ఇదే తీగ మీదుగా సెట్‌టాప్ బాక్స్ నుంచి ఎల్‌ఎన్‌బికి 13 లేదా 18 వోల్టుల డీసీ కరెంటు కూడా వెళుతుంది. ఆ కరెంటు తీగంతా నిండి పారుతుంది కనుక ఉక్కు నిరోధం దానికి అడ్డు తగులుతుంది. ఎల్‌ఎన్‌బి ఏ ధ్రువణంలోని (అంటే అడ్డంగా కంపించే తరంగాల్లోనా, నిలువుగా కంపించేవాటిలోనా) సిగ్నల్‌ను పట్టాలో చెప్పేది కూడా ఆ వోల్టేజే. దూరం మరీ ఎక్కువై 18 వోల్టులు బాగా పడిపోతే, ఒక ధ్రువణంలోని ఛానళ్లన్నీ మాయమై మిగతావి చక్కగా వస్తుంటాయి. అప్పుడు డిష్‌ను ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ఇరవై ముప్పై మీటర్లకు ఉక్కు తీగ నిక్షేపంగా సరిపోతుందని, అంతకు బాగా మించితే, లేదా డిష్‌ను తిప్పే మోటారు ఉంటే, పూర్తి రాగి తీగకే డబ్బు పెట్టడం న్యాయమని నా అభిప్రాయం. నడుమ తీగకు చిన్న అయస్కాంతం ఆనించి చూస్తే అది ఉక్కో కాదో అక్కడే తేలిపోతుంది.

మొబైల్ ఫోన్లు వాడే 1800 మెగాహెర్ట్జ్ తరంగాలు డిష్ కేబుల్ పరిధిలోనే ఉన్నందున, బయటి తరంగాలు లోపలికి రాకుండా ఆపేది రేకూ అల్లికా కనుక, సెల్ టవర్ దగ్గరున్న చోట అల్లిక పలచగా ఉన్న కేబుల్‌ను ఎంచుకోకూడదు.

ఇంత చూసి కొన్న కేబుల్ కూడా కొసన చెడిపోగలదు. కనెక్టర్ బిగించేటప్పుడు అల్లికలోని ఒక్క పోగు నడుమ తీగను తాకినా షార్ట్ అవుతుంది. ఆరుబయట అతుకులోంచి దిగిన వాననీటిని ఆ అల్లిక వత్తి నూనెను పీల్చినట్టు లోపలికి లాక్కుంటుంది. అందుచేత ఆ కనెక్టర్‌కు నీరు చొరని టేపు చుట్టి, కేబుల్ గోడలోకి దూరేచోట దాన్ని కాస్త కిందికి వేలాడేలా వంపు తిప్పి వదలాలి; జారివచ్చిన నీరు ఆ వంపు అడుగునుంచే బొట్లుగా రాలిపోతుంది.