తుపాకీ చేతులు మారేటప్పుడు: గోదావరి డెల్టాలో వినిపించే అపోహలు, వాస్తవాలు

కోనసీమ, కాకినాడ, భీమవరం ప్రాంతాల పాత కుటుంబాలలో జమీందారీ కాలం నాటి ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ తుపాకులు ఇంకా ఉన్నాయి. క్రీడాకారుల వంటి కొద్దిమందికి తప్ప సామాన్య లైసెన్సుదారులకు విదేశీ ఆయుధాల దిగుమతి 1980ల మధ్య నుంచి ఆగిపోయింది కాబట్టి పాత తుపాకులకు గిరాకీ తగ్గలేదు, అమ్మకాలు కూడా చాలావరకు తెలిసినవారి మధ్యనే జరుగుతుంటాయి. లైసెన్సు పొంది తుపాకుల అమ్మకం, మరమ్మతు చేసే దుకాణదారుగా నా దగ్గరకు వచ్చే చిక్కులలో తుపాకీ పేలడం వల్ల వచ్చినవి తక్కువ, అది చేతులు మారిన తీరు వల్ల వచ్చినవే ఎక్కువ.

అపోహ: "నాన్నగారి తుపాకీ, ఆయన తరువాత పెద్దకొడుకుగా నాకే వస్తుంది."

వస్తువు మీద వారసత్వ హక్కు వేరు, దానిని దగ్గర ఉంచుకునే హక్కు వేరు. పొలం, బంగారంతో పాటు తుపాకీ కూడా పంపకాలలో మీ వాటాకు రావచ్చు గానీ, లైసెన్సు మాత్రం దానిని పొందిన మనిషితోనే పోతుంది. లైసెన్సుదారు మరణించిన తరువాత ఆ తుపాకీని బీరువాలో ఉంచుకున్నవారు, అది ఎంత పాత ఆస్తి అయినా, లైసెన్సు లేకుండా ఆయుధం కలిగి ఉన్నవారి కిందే లెక్క. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత ఈ నేరానికి రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి.

1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్ దీనికి చక్కని దారి చూపింది. అనవసరమైన ఆలస్యం చేయకుండా తుపాకీని, తూటాలను దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తరువాత మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రం, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రాలు జతచేసి, వారసులలో ఒకరు తన పేరున లైసెన్సు కోసం జిల్లా కలెక్టరు గారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్సు వస్తే తుపాకీ తిరిగి వస్తుంది. వద్దనుకుంటే, డిపాజిట్‌లో ఉండగానే అర్హత కలిగిన మరొకరికి అమ్మి ఆ సొమ్ము తీసుకోవచ్చు. నిర్ణీత గడువులోగా ఈ రెండింటిలో ఏదీ చేయకపోతే తుపాకీ ప్రభుత్వానికి జప్తు అవుతుంది. అన్నదమ్ముల తగాదా తేలేదాకా ఆగుదామని ఊరుకున్న కుటుంబాలు ఈ గడువు దగ్గరే నష్టపోతాయి. తగాదా ఎన్నాళ్లయినా సాగనివ్వండి, తుపాకీని మాత్రం ముందు డిపాజిట్ చేయండి.

నిజానికి మరణం దాకా ఆగనక్కరలేదు. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర ఇరవై అయిదేళ్లుగా ఉన్నా, తాను ఎంచుకున్న వారసుడి పేరున లైసెన్సు ఇవ్వమని కోరే వెసులుబాటు 2016 ఆయుధాల నిబంధనలలో ఉంది. పెద్దాయన స్వయంగా వచ్చి సంతకం పెట్టగలిగిన రోజుల్లో పని ఎంతో తేలికగా జరుగుతుంది. అటక మీద లైసెన్సు లేని నాటు తుపాకీ కనబడినప్పుడు దానిని కాలువలో పారేయమని సలహా ఇచ్చేవారు మన వైపు ఉంటారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అది ఏ పిల్లవాడి కంటో పడుతుంది. న్యాయవాదితో మాట్లాడి స్టేషన్‌లో అప్పగించడమే మార్గం.

అపోహ: "ఇద్దరికీ లైసెన్సు ఉంది, స్టాంపు కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది."

సరిపోదు. సొంత వాడకానికి చట్టబద్ధంగా ఉంచుకున్న తుపాకీని అర్హత గల మరొకరికి అమ్మడానికి వ్యాపార లైసెన్సు అక్కరలేదని 5వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే. అయితే అమ్మదలచిన సంగతిని, కొనేవారి పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేటుకు గాని, దగ్గరలోని పోలీసు స్టేషన్ అధికారికి గాని రాతపూర్వకంగా తెలిపి, ఆ తరువాత కనీసం 45 రోజులు గడిచాకే అప్పగించాలని అదే సెక్షన్ షరతు పెట్టింది. ఆ 45 రోజులూ తుపాకీ అమ్మేవారి దగ్గరే ఉండాలి. "పది రోజులు దగ్గర పెట్టుకుని చూసుకోండి, నచ్చితేనే డబ్బు ఇవ్వండి" అనే మన మర్యాద ఇక్కడ పనికిరాదు. బయానా తీసుకుంటే, అమ్మకం జరగని పక్షంలో తిరిగి ఇస్తానని రాసి తీసుకోవడం ఇద్దరికీ క్షేమం.

కొనేవారి లైసెన్సును చేతిలోకి తీసుకుని చదవండి. గడువు ఉందా, జాతీయ డేటాబేస్‌లో నమోదైన విశిష్ట సంఖ్య దాని మీద ఉందా, మీరు అమ్మే రకం ఆయుధం కొనడానికి అందులో అనుమతి ఉందా అని చూడాలి. 2019 సవరణ ఒక మనిషికి గరిష్ఠ పరిమితిని మూడు తుపాకుల నుంచి రెండుకు తగ్గించింది కాబట్టి, ఇప్పటికే రెండు ఉన్నవారికి మీరు అమ్మలేరు. ఇరవై ఒకటి నిండనివారికి, హింసాత్మక నేరంలో శిక్షపడి చట్టం చెప్పిన వ్యవధి ఇంకా తీరనివారికి, మానసిక స్థిమితం లేదని మీకు తెలిసినవారికి అమ్మడం మీ నేరమే అవుతుంది. అమ్మకం పూర్తయ్యాక మీ లైసెన్సులో ఆ తుపాకీ నమోదు తొలగిందని, వారి లైసెన్సులో చేరిందని రెండింటినీ చూసుకోండి. ఒకటి చూసి రెండోది మరిచిపోయేవారే ఎక్కువ.

కొనేవారు తుపాకీనీ అంతే శ్రద్ధగా చూడాలి. గొట్టాల మీది నంబరు, అడుగు భాగంలోని నంబరు లైసెన్సుతో సరిపోలాలి. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికి చేసిన డమాస్కస్ గొట్టాలు చూడడానికి ఎంతో అందంగా ఉంటాయి గానీ, వాటిలో చాలావరకు పాతకాలపు నల్ల తుపాకీమందు కోసం చేసినవి. నేటి పొగలేని మందు తూటాల ఒత్తిడికి అవి పగిలిపోవచ్చు. మరో సంగతి చాలామంది ఎరగరు: పాత ఇంగ్లీషు పన్నెండు బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత, ఈ సంఖ్య పెరిగితే వెడల్పు తగ్గుతుంది) తుపాకుల ఛాంబరు, అంటే తూటా కూర్చునే గది, తరచుగా రెండున్నర అంగుళాలే ఉంటుంది. రెండుముప్పావు అంగుళాల తూటా అందులో సులువుగానే కూర్చుంటుంది, కానీ పేలినప్పుడు విచ్చుకునే దాని మూతికి చోటు చాలక లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. తుపాకీ విప్పి గొట్టాల కింద ఉన్న ప్రూఫ్ ముద్రలు (ఒత్తిడి పరీక్షలో నెగ్గినట్టు వేసే గుర్తులు) చదివించకుండా బేరం ఆడవద్దు.

అపోహ: "చేపల చెరువు మీద వాలే పక్షులను తోలడానికి తుపాకీ వాడుకోవచ్చు, ఎయిర్‌గన్‌కైతే ఏ అనుమతీ అక్కరలేదు."

ఇరవై జౌళ్ల శక్తికీ, 4.5 మిల్లీమీటర్ల బోరుకూ మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కరలేదన్నంత వరకు నిజం. దానితో గూడబాతును కొట్టినా అది 1972 వన్యప్రాణి చట్టం కింద వేటే. కొల్లేరు, కోరింగ అభయారణ్యాలలోకి ముందస్తు అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లడమే నిషిద్ధం. ఆ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు తమ ఆయుధాలను అటవీశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి, ఆ పరిధిలో కొత్త లైసెన్సుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి ఉండాలి. ఆకివీడు, కైకలూరు, తాళ్లరేవు వైపు తుపాకీ కొనదలచినవారు బేరానికి ముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

అపోహ: "ఆంధ్రప్రదేశ్ మొత్తానికి చెల్లే లైసెన్సు ఉంటే డెల్టాలో ఎక్కడికైనా తీసుకుపోవచ్చు."

యానాం పుదుచ్చేరిది. అమలాపురం నుంచి కాకినాడకు 216వ జాతీయ రహదారిలో ఎదుర్లంక వంతెన దాటగానే మీరు ఆంధ్రప్రదేశ్‌లో లేరు. రాష్ట్రానికే పరిమితమైన లైసెన్సు ఉన్నవారు రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్లడమే మంచిది. మరమ్మతుకు తుపాకీని కొడుకుతో పంపేటప్పుడు లైసెన్సుదారు రాతపూర్వక అధికార పత్రం కూడా వెంట ఉండాలి. ఈ చిన్న కాగితం లేకుండా వచ్చినవారిని నేను వెనక్కు పంపుతాను, కోపాలు వచ్చినా సరే.

అపోహ: "ఆపదలో పనికిరావాలంటే ఎప్పుడూ తూటాలు నింపే ఉంచాలి, తోలు సంచిలో ఉంటే పదిలం."

రెండూ తప్పే. ఇంట్లో పిల్లలు, పనివారు, చుట్టాలు తిరుగుతుంటారు. ఖాళీ చేసిన తుపాకీ తాళం వేసిన ఇనుప బీరువాలోను, తూటాలు వేరే తాళంలోను ఉండాలి, తాళంచెవులు లైసెన్సుదారు దగ్గరే ఉండాలి. తోలు మన తీరప్రాంతపు తేమను పీల్చుకుని ఉక్కుకు పట్టిస్తుంది. ప్రయాణానికి సంచి వాడండి, ఇంటికి రాగానే బయటకు తీసి, తుడిచి, పలుచగా నూనె రాసి, సిలికా జెల్ పొట్లాలతో పాటు బీరువాలో పెట్టండి. ఉబ్బిన అట్ట తూటాలను బలవంతంగా తోయవద్దు. ఇరవై బోరు తూటాలను పన్నెండు బోరు వాటితో ఒకే పెట్టెలో కలపవద్దు: చిన్న తూటా ఛాంబరు దాటి గొట్టంలోకి జారి ఇరుక్కుంటే, ఖాళీగా ఉందనుకుని వెనుక మరొకటి పెట్టి కాల్చినప్పుడు గొట్టం చేతిలోనే పగులుతుంది.

అపోహ: "పెళ్లి ఊరేగింపులో గాలిలోకి ఒక్కటి కాలిస్తే ఏమవుతుంది?"

సంబరానికి కాల్చి ఇతరుల ప్రాణాలకు అపాయం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అపోహ: "ఎన్నికలప్పుడు స్టేషన్‌లో ఇచ్చిన తుపాకీ ఇక తిరిగి రాదు."

వస్తుంది. ఎన్నికల కాలంలో ఎవరి ఆయుధాలు డిపాజిట్ చేయించాలో జిల్లా స్థాయి కమిటీ పరిశీలిస్తుంది, ఫలితాలు వెలువడ్డాక వాటిని తిరిగి ఇస్తారు. ఇచ్చే ముందు నూనె బాగా పట్టించి, రసీదులో తుపాకీ నంబరు, తూటాల సంఖ్య, అప్పటికే ఉన్న గీతలు, మచ్చలు రాయించుకుని మరీ సంతకం పెట్టండి.