షాపు ఎక్కడ పెట్టాలి? జనాభా లెక్కలపై అపోహలు - వాస్తవాలు

షాపులు, క్లినిక్‌లు, స్కూళ్లు పెట్టాలనుకునేవాళ్లకు ఏరియా చూసి రిపోర్టు ఇవ్వడం నా పని. మొదటి మీటింగ్‌లోనే చాలామంది "మా ఊరి జనాభా ఇంతండీ" అని ఒక అంకె చెప్తారు. ఆ అంకెను పక్కన పెట్టించడానికే నాకు సగం టైం పోతుంది.

అపోహ: జనాభా పెరగని జిల్లాలో పెట్టుబడి దండగ.

వాస్తవం: 2001 నుంచి 2011 మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా 38.30 లక్షల నుంచి 39.43 లక్షలకు చేరింది. పదేళ్లలో 3 శాతం కూడా పెరగలేదు. ఇదొక్కటే చూసినవాడు హైదరాబాద్ ముఖం చూడడు. అదే పదేళ్లలో రంగారెడ్డి జిల్లా 35.75 లక్షల నుంచి 52.97 లక్షలకు పెరిగింది, అంటే 48 శాతం. నగరం జిల్లా గీత దాటి పెరిగిందన్నమాట. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, మల్కాజిగిరి, ఎల్బీనగర్ 2007లోనే జీహెచ్‌ఎంసీలో కలిసినా, 2011 జనగణనలో అవి రంగారెడ్డి జిల్లా ఖాతాలోనే ఉన్నాయి.

ఇప్పుడు చిక్కు ఇంకా ఎక్కువ. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. చాలాచోట్ల పేరు పాతదే, దాని కింద ఉన్న ఊళ్లు వేరు. పాత రంగారెడ్డిని కొత్త రంగారెడ్డితో పోల్చి "జనాభా పడిపోయింది" అని రాసిన రిపోర్టు కూడా చూశాను. ఊళ్లు, వార్డుల లెక్కలు తీసి మళ్లీ మనమే కూడుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ అడ్డదారి లేదు.

అపోహ: జనం పెరగకపోతే అమ్మకాలు పెరగవు.

వాస్తవం: బియ్యం లెక్క మనిషికి, ఫ్రిజ్ లెక్క ఇంటికి. 2001-11 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జనాభా 11 శాతం పెరిగితే, కుటుంబాల సంఖ్య సుమారు 1.68 కోట్ల నుంచి 2.10 కోట్లకు, అంటే దాదాపు 25 శాతం పెరిగింది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడల్లా ఇంకో మిక్సీ అమ్ముడవుతుంది.

అపోహ: ఇళ్లు బాగున్నాయంటే పిల్లలు కూడా ఉంటారు.

వాస్తవం: ఇందులో నేనే బోల్తా పడ్డాను. భీమవరం దగ్గర ఒకాయన ప్లే స్కూల్ పెడతానంటే సర్వేకి వెళ్లాను. వెళ్లింది సంక్రాంతి వారంలో! ప్రతి గడప ముందూ కార్లు, వీధి నిండా పిల్లలు. చాలా సంతోషపడ్డాను. ఎందుకో అనుమానమొచ్చి ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తే, సగం ఇళ్లకు తాళాలు, మిగతా ఇళ్లలో అరవై దాటిన దంపతులు. పశ్చిమ గోదావరి జిల్లా 2001-11 మధ్య పెరిగింది 3.5 శాతమే అన్న సంగతి నా ఫైల్‌లోనే ఉంది, కార్లు చూసి మర్చిపోయాను. ప్లే స్కూల్ వద్దని, ఇంటికి వచ్చి రక్తం శాంపిల్ తీసుకునే సర్వీసు గురించి ఆలోచించమని చెప్పాను. ఆయనకు నచ్చలేదనుకోండి, అది వేరే విషయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. తరం తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. మొత్తం జనాభా తగ్గడానికి చాలా ఏళ్లు పడుతుంది కానీ ఎల్‌కేజీ సీట్ల మీద ఆ దెబ్బ ముందే పడుతుంది. ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను ఆంధ్ర అసెంబ్లీ 2024లో ఎత్తేసింది. దానివల్ల ఎవరైనా మూడోబిడ్డను కన్నా, ఆ బిడ్డ మీ కస్టమర్ కావడానికి టైం పడుతుంది.

అపోహ: కొత్త జనగణన లేదు కాబట్టి ఓటర్ల జాబితా చాలు.

వాస్తవం: 2011 తర్వాత జనగణన జరగలేదు, తర్వాతి దానిలో 2027 మార్చి 1 నాటికి ఉన్న జనాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కానీ ఓటు సొంతూళ్లో, మనిషి మియాపూర్‌లో ఉంటే ఓటర్ల జాబితా ఏం చెప్తుంది? కోకాపేటలో టవర్లు కట్టే ఒడిశా, బిహార్ కూలీల పేర్లు చాలావరకు ఆ జాబితాలో ఉండవు, అయినా టీ, రీఛార్జ్, బిర్యానీ కొనేది వాళ్లే. నేను ఇంటి కరెంటు మీటర్లు, ఒకటో తరగతిలో చేరిన పిల్లల సంఖ్య చూస్తాను. మీటరు ఉన్నా యూనిట్లు తిరగడం లేదంటే ఆ ఇంటికి తాళం ఉన్నట్టే. ఇంకా తేలిక దారి కావాలంటే, పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసే అబ్బాయిని పట్టుకోండి. ఏ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఫ్లాట్లు ఖాళీయో వేళ్ల మీద చెప్తాడు.