గ్రీన్ కార్డ్ రాకముందే ఇండియా వెళ్ళి రావాలంటే: అడ్వాన్స్ పెరోల్ వెనక వందేళ్ళ కథ

2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి (ఉద్యోగ), హెచ్-4 (వాళ్ళ కుటుంబాల) వీసాలు అడిగేవాళ్ళ సోషల్ మీడియా ఖాతాలను కూడా చూడటం మొదలుపెట్టింది అమెరికా విదేశాంగ శాఖ. దాంతో ఇండియాలోని కాన్సులేట్లలో రోజుకు పిలిచేవాళ్ళ సంఖ్య తగ్గింది. డిసెంబరులో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) అపాయింట్‌మెంట్ ఉన్న చాలామందికి మార్చి తేదీలు, ఇంకా ఆ తర్వాతి తేదీలు ఇచ్చారు. చెల్లెలి పెళ్ళికో, నాన్న ఆపరేషన్‌కో నాలుగు వారాల సెలవు పెట్టి వచ్చినవాళ్ళు ఇండియాలోనే చిక్కుకుపోయారు. అదే సీజన్‌లో వచ్చిన మరికొందరు మాత్రం కాన్సులేట్ గడప తొక్కకుండానే తిరుగు విమానం ఎక్కారు. వాళ్ళకీ గ్రీన్ కార్డ్ రాలేదు. తేడా అల్లా ఏమిటంటే, వాళ్ళు ఐ-485 (గ్రీన్ కార్డ్ చివరి దశ దరఖాస్తు) ఫైల్ చేసి ఉన్నారు, బయల్దేరకముందే అడ్వాన్స్ పెరోల్, అంటే తిరిగి రానిస్తామని ముందే ఇచ్చే కాగితం, చేతికి వచ్చింది.

ఆ కాగితం వీసా కాదు. మీ ఫోటో, గడువు తేదీ ఉండే ఒక పత్రం, అంతే. దాంతో దిగితే ఎయిర్‌పోర్టులో మామూలు కౌంటర్ దగ్గర పని పూర్తవదు. ఆఫీసర్ పాస్‌పోర్టును ఒక ఫోల్డర్‌లో పెట్టి, అదనపు తనిఖీ చేసే సెకండరీ గదికి పంపుతారు. అక్కడ వరుస కుర్చీలు, ఫోన్లు తీయొద్దని బోర్డు, నిద్ర మత్తులో ఏడ్చే పిల్లలు. ఇంటిపేరును వాళ్ళకు వచ్చినట్టు పిలుస్తారు. అది మన పేరేనని పోల్చుకుని లేచి వెళితే, స్టాంపు వేసి ‘డీఏ’ అని రాసి ఇస్తారు. ఇరవై నిమిషాలు పట్టొచ్చు, కనెక్టింగ్ ఫ్లైట్ తప్పిపోయేంత సేపూ పట్టొచ్చు. ఆ స్టాంపుకు చట్టంలో ఉన్న అర్థం విచిత్రంగా ఉంటుంది: ఈ మనిషి దేశం లోపల ఉన్నాడు, కానీ దేశంలోకి అనుమతి పొందలేదు.

ఈ విచిత్రం మొన్నటిది కాదు. 1914లో రష్యా నుంచి 13 ఏళ్ళ అమ్మాయి ఒకతె వలస వచ్చేవాళ్ళను తనిఖీ చేసే న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో దిగింది. మానసిక ఎదుగుదల లేదని అధికారులు ఆమెను వెనక్కి పంపమన్నారు. ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది, పంపడానికి ఓడలు లేవు. కొన్నాళ్ళు ఆ దీవిలోనే ఉంచి, తర్వాత ఒక యూదు సహాయ సంఘానికి అప్పగిస్తే, వాళ్ళు ఆమెను తండ్రి దగ్గర ఉండనిచ్చారు. తండ్రి 1920లో అమెరికా పౌరుడయ్యాడు. ఏళ్ళ తరబడి అమెరికాలోనే ఉంది కాబట్టి తండ్రితో పాటు ఆమె కూడా పౌరురాలేనా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1925లో కప్లాన్ వర్సెస్ టాడ్ కేసులో జస్టిస్ హోమ్స్ కాదన్నాడు. ఇంట్లో తండ్రి పక్కన ఉన్నా, చట్టం దృష్టిలో ఆమె ఇంకా సరిహద్దు గీత మీదే ఉందట. కటువైన తీర్పే. కానీ ఈ రోజు సెకండరీ గదిలో పడే స్టాంపు మూలాలు అక్కడే ఉన్నాయి.

ఇక దేశంలో పాతికేళ్ళు ఉన్నవాడు ఒకసారి బయటికి వెళ్తే ఏమవుతుందో ఇగ్నాట్జ్ మెజెయ్ కేసు చూపించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో స్థిరపడ్డ మెజెయ్, రొమేనియాలో చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూడాలని 1948లో బయల్దేరాడు. రొమేనియా రానివ్వలేదు. హంగరీలో పందొమ్మిది నెలలు ఇరుక్కుపోయి, 1950లో ఎలాగో అమెరికా చేరితే ఎల్లిస్ ఐలాండ్‌లో ఆపేశారు. కారణం చెప్పలేదు. భద్రతా రహస్యం అన్నారు. వేరే దేశాలు తీసుకోలేదు, ఈ దేశం లోపలికి రానివ్వలేదు. 1953లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం పక్షానే నిలిచింది. చివరికి 1954లో బయటికి వదిలారు. ఎలా అనుకున్నారు? పెరోల్ మీదే.

తల్లిని చూడటానికి వెళ్ళి ఇరుక్కుపోవడం అన్న మాట చదివినప్పుడు, ‘నాన్నకి ఒంట్లో బాగోలేదురా, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళు’ అని ఫోన్ వచ్చిన ఏ హెచ్-1బి ఇంట్లోనైనా పరిచయమైన టెన్షనే కనబడుతుంది.

1930లకు ముందు, లోపల ఉన్నవాడు శాశ్వత నివాసి కావాలంటే దేశం దాటి వెళ్ళి, వలస వీసా తెచ్చుకుని మళ్ళీ రావాల్సిందే. వెళ్ళాక వీసా రాకపోతే అంతే సంగతులు. ఆ భయం పోగొట్టడానికి 1935 నుంచి ఒక ఏర్పాటు నడిచింది. ముందు అమెరికాలోనే పరీక్ష చేసి, సరే అనుకుంటే కెనడాలోని అమెరికా కాన్సులేట్‌కు పంపేవారు. అక్కడ వీసా తీసుకుని వెనక్కి వచ్చేయొచ్చు. గడప దాటకముందే తిరిగి రానిస్తామన్న హామీ ఇవ్వడం ఇక్కడ మొదలైందని నా లెక్క. ఇండియా వాళ్ళకు మాత్రం అప్పట్లో ఇది అక్కరకు రాలేదు, ఎందుకంటే 1917 చట్టం వలసకే తలుపులు మూసేసింది.

1952 ఇమిగ్రేషన్ చట్టం రెండు పనులు చేసింది. లోపలే ఉండి గ్రీన్ కార్డుకు మారే దారి తెరిచింది. అలాగే అత్యవసర కారణాల మీద ఎవరినైనా తాత్కాలికంగా లోపలికి వదిలే పెరోల్ అధికారాన్ని రాతపూర్వకంగా ఇచ్చింది. పెరోల్ మీద వచ్చినవాడికి అనుమతి దొరికినట్టు కాదని అందులోనే స్పష్టంగా ఉంది. 1956 చివరి నుంచి హంగరీ శరణార్థులను వేల సంఖ్యలో ఈ అధికారం కిందే దింపారు. గ్రీన్ కార్డ్ దరఖాస్తు పెట్టినవాడు మధ్యలో దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే అన్న రూల్ ఉంది కదా, దానికి విరుగుడుగా కూడా ఇదే పెరోల్‌ను వాడారు. వెళ్ళేముందే పెరోల్ రాసి ఇస్తారు కాబట్టి అడ్వాన్స్ పెరోల్. యుద్ధాలకీ విపత్తులకీ పెట్టుకున్న మినహాయింపు, సంక్రాంతికి ఊరెళ్ళి రావడానికి పనికొస్తుందని 1952లో ఎవరూ ఊహించి ఉండరు.

దరఖాస్తు కొన్ని నెలల్లో తేలినంత కాలం ఇది పెద్ద సమస్య కాలేదు. 1990 చట్టం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులను ఏడాదికి 1,40,000గా, ఏ ఒక్క దేశానికైనా 7 శాతంగా పరిమితం చేసింది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. తొంభైల్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి వెళ్ళినవాళ్ళు ఆ 7 శాతం గోడకు తగలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1996 చట్టం ఇంకో మేకు కొట్టింది: స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హక్కు) లేకుండా 180 రోజులు దాటి ఉండి వెళ్ళిపోతే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు తిరిగి రానివ్వరు.

1999లో కాస్త ఊరట దొరికింది. హెచ్-1, ఎల్-1 (కంపెనీ బదిలీ) వీసాల మీద ఉన్నవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు, ఆ వీసాలతోనే తిరిగి వస్తే అడ్వాన్స్ పెరోల్ లేకపోయినా ఐ-485 చెల్లుతుందని అప్పటి ఇమిగ్రేషన్ శాఖ ఐఎన్ఎస్ రూల్ మార్చింది. కానీ 2004 జూలైలో ఇంకో దారి మూసుకుపోయింది. అప్పటి వరకు హెచ్-1బి స్టాంపును అమెరికాలో ఉండే పోస్టులో పంపి కొత్తది వేయించుకునేవారు. వేలిముద్రలు తప్పనిసరి అయ్యేసరికి అది ఆగిపోయింది. అప్పటికి హైదరాబాద్‌లో ఇంకా అమెరికా కాన్సులేట్ లేదు. బేగంపేట పైగా ప్యాలెస్‌లో వీసాలు మొదలైంది 2009లో. అంతవరకు తెలుగువాళ్ళు రైలెక్కి చెన్నై వెళ్ళి జెమినీ ఫ్లైఓవర్ పక్కన క్యూ కట్టాల్సిందే. సెలవుల్లో సగం అక్కడే అయిపోయేది. ఐ-485 పెట్టినవాళ్ళకు అడ్వాన్స్ పెరోల్ ముద్దొచ్చింది అందుకే.

2007 జూలై సంగతి అప్పటివాళ్ళను కదిపితే ఇప్పటికీ గంటసేపు చెబుతారు. గ్రీన్ కార్డ్ వరుసలో ఎవరి వంతు వచ్చిందో ప్రతి నెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఆ నెల ఉద్యోగ కేటగిరీలు దాదాపు అన్నీ కరెంట్ అయ్యాయి. ఎవరైనా ఐ-485 ఫైల్ చేసుకోవచ్చన్నమాట. జనం పరుగుల మీద మెడికల్స్ చేయించుకున్నారు, ఇండియా నుంచి బర్త్ సర్టిఫికెట్లు కొరియర్‌లో తెప్పించుకున్నారు. పంచాయతీ ఆఫీసులో పుట్టిన తేదీ నమోదు కానివాళ్ళు మేనమామల చేత అఫిడవిట్లు రాయించారు. తీరా జూలై 2న, నంబర్లు అయిపోయాయి, తీసుకోం అన్నారు. కేసులు పడ్డాయి. ఇంకోవైపు ఇండియన్లు గాంధీగిరి మొదలుపెట్టి, ఈ దరఖాస్తులు చూసే సంస్థ యూఎస్‌సీఐఎస్ అప్పటి డైరెక్టర్ ఎమిలియో గొంజాలెజ్ ఆఫీసుకు వందల కొద్దీ పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో గాయపడ్డ సైనికులకు మళ్ళించారు. జూలై 17న ప్రభుత్వం దిగివచ్చి, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామంది.

గెలుపే, కానీ అందులో ఒక మెలిక ఉంది. జూలై 30 నుంచి వచ్చిన కొత్త ఫీజులో వర్క్ పర్మిట్, అడ్వాన్స్ పెరోల్ రెన్యువల్స్ కూడా కలిసి ఉన్నాయి. ఆ జూలై బ్యాచ్‌కు పాత ఫీజే వర్తించింది. అప్పుడు తక్కువ కట్టామని సంతోషించినవాళ్ళు, ఆ తర్వాత ప్రతి రెన్యువల్‌కూ వేరుగా డబ్బు కడుతూ పోయారు. ఉద్యోగ గ్రీన్ కార్డుల మూడో కేటగిరీ ఈబీ-3లో కొందరికి కార్డు రావడానికి పదేళ్ళు పట్టింది. 2011లో వర్క్ పర్మిట్, అడ్వాన్స్ పెరోల్ ఒకే కార్డు మీద రావడంతో కనీసం పర్సులో పెట్టుకునే వీలు కలిగింది.

ఆ మరుసటి ఏడాది, 2012 ఏప్రిల్‌లో, ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు ఇచ్చిన ఒక తీర్పు లాయర్ల నోట్లో ఇప్పటికీ ‘అర్రబల్లి’ అనే నలుగుతుంది. కేసు పేరులో ఉన్న రెండు ఇంటిపేర్లూ మనవే. ఆ భార్యాభర్తలకు స్టేటస్ అయిపోయి చాలాకాలమైంది. అయినా చట్టంలో ఉన్న ఒక మినహాయింపు కింద గ్రీన్ కార్డుకు పెట్టుకున్నారు. పెద్దవాళ్ళయిన తల్లిదండ్రులను చూడటానికి 2004, 2006 మధ్య అడ్వాన్స్ పెరోల్ మీద కొన్నిసార్లు ఇండియా వచ్చి వెళ్ళారు. ప్రభుత్వమే కాగితం ఇచ్చింది, ప్రభుత్వమే లోపలికి వదిలింది. ఆ తర్వాత, మీరు దేశం దాటారు కాబట్టి పదేళ్ళ నిషేధం పడింది, కార్డు ఇవ్వం అన్నారు. బోర్డు ఒప్పుకోలేదు. తిరిగి రానిస్తామన్న మాట మీద వెళ్ళినవాళ్ళు ఆ నిషేధం విషయంలో దేశం విడిచినట్టు కాదని తేల్చింది. 1925లో లోపల ఉన్న అమ్మాయిని లోపలికి రానట్టే అన్న చట్టం, 2012లో బయటికి వెళ్ళినవాళ్ళను వెళ్ళనట్టే అంది. కల్పన అదే, ఈసారి మనిషి వైపు తిరిగింది. వేరే దేశాల నుంచి వచ్చి స్టేటస్ పోగొట్టుకున్న ఎందరికో ఈ తీర్పు దారి చూపింది.

2017లో మళ్ళీ టెన్షన్. అడ్వాన్స్ పెరోల్ దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ దరఖాస్తును కొట్టేయడం మొదలైంది, చేతిలో సరైన హెచ్-1బి స్టాంపు ఉన్నా సరే. ఐ-485కు ఏమీ కాదు, కానీ మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాలి. 2020 అక్టోబరులో ఈబీ-3 ఇండియా ఫైలింగ్ తేదీ (ఏ తేదీ లోపు వరుసలో చేరినవాళ్ళు ఐ-485 పెట్టొచ్చో చెప్పేది) ఒక్కసారిగా 2015 జనవరికి దూకేసరికి దరఖాస్తులు కుప్ప పడి, ఆ నెలలు ఇంకా పెరిగాయి. 2022లో వర్క్ పర్మిట్లు త్వరగా పంపాలని రెండింటినీ మళ్ళీ విడదీశారు. ఉద్యోగం కాగితం ముందొచ్చింది, ఊరెళ్ళే కాగితం వెనకబడింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-485 పెట్టినవాళ్ళకు అడ్వాన్స్ పెరోల్ ఫీజు విడిగా పెట్టారు, అప్పుడు 630 డాలర్లు. అంటే 2007కు ముందున్న చోటికే వచ్చాం.

అసలు చాలామందికి ఈ గొడవలు పడే అవకాశం కూడా లేదు. ఐ-485 పెట్టాలంటే ప్రయారిటీ డేట్ (వరుసలో చేరిన తేదీ) అందాలి. 2025 చివరికి కూడా రెండో కేటగిరీ ఈబీ-2 ఇండియా తుది తేదీ 2013లోనే ఉంది. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవై ఏళ్ళు గడిచినా వాళ్ళకు అడ్వాన్స్ పెరోల్ దొరకదు, స్టాంపింగ్ ఒక్కటే గతి. 2025 డిసెంబరులో ఇరుక్కున్నవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు.

కాగితం ఉన్నవాళ్ళకూ పూర్తి భరోసా లేదు. బయట ఉండగా ఐ-485 తిరస్కరిస్తే అడ్వాన్స్ పెరోల్ విలువ అక్కడితో సరి. హెచ్-1బి స్టాంపు కూడా ఉంటే దాంతో రావచ్చు, లేకపోతే లేదు. ఈఏడీ (వర్క్ పర్మిట్) వచ్చాక కూడా హెచ్-1బి వదులుకోవద్దని లాయర్లు పోరేది ఇందుకే. 2025 జూలై చట్టం పెరోల్ మీద వచ్చేవాళ్ళకు 1,000 డాలర్ల ఫీజు పెట్టింది. ఐ-485 పెండింగ్‌లో ఉండి తిరిగి వచ్చేవాళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది. మినహాయింపు తమకు వర్తిస్తుందని సెకండరీలో చూపించుకోవాల్సి రావచ్చు కాబట్టి, ఐ-485 రసీదు ప్రింట్ ఒకటి చెక్-ఇన్ లగేజీలో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోవడం మంచిది.