గుంటలు పోయాయి, పేర్లు మిగిలాయి

తిరుపతిలో ఆటో ఎక్కి కొర్లగుంట అన్నా, కొరమేనుగుంట అన్నా, తాతయ్యగుంట అన్నా తీసుకెళ్లి దించేస్తారు. దిగాక ఆ గుంట, అంటే ఆ చిన్న చెరువు ఏదని మాత్రం అడక్కండి. మల్లయ్యగుంట కట్ట మీద రోజూ బండి తోలేవాళ్లలో ఎంతమందికి అది చెరువు కట్ట అని గుర్తుంటుందో! 2021 నవంబరు వానలకు ఊళ్లో చాలా కాలనీలు మునిగాయి. నీళ్లు తమ పాత చోటు వెతుక్కున్నాయని పెద్దవాళ్లు అప్పుడన్నారు. అదే నెలలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న టెన్షన్‌లో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకునే చెరువు అది.

పోయిన గుంటల సంగతి అలా ఉంచితే, మిగిలిన చెరువుల్లో నీళ్లు ఎందుకు పచ్చబడుతున్నాయి? ఇది తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఈ సీమలో పెద్ద జీవనది లేదు. స్వర్ణముఖి, నీవా రెండూ వానల మీద బతికేవే. అందుకే గొలుసుకట్టు చెరువులు తవ్వారు. పై చెరువు నిండి మొరవ (అలుగు) పారితే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. విజయనగర కాలంలో తిరుమల ఆలయానికి వచ్చిన కానుకల్లో కొంత ఆలయ గ్రామాల్లో చెరువులకు, కాలువలకు ఖర్చుపెట్టినట్టు శాసనాలున్నాయి. చెరువు తవ్వించినవాళ్లకు, బాగుచేసినవాళ్లకు దశబంధం కింద భూమో పంటలో వంతో దక్కేది. తూము తీసే నీరుగంటికి కళ్లంలోనే మేర (ధాన్యంలో వాటా) కొలిచేవాళ్లు. చెరువు మరమ్మతుకు ఊరి రైతులంతా చెయ్యి వేయడం ఆనవాయితీ; ఆ పనికి రాని రైతు దగ్గర దాని కూలి వసూలు చేయడానికి 1858లో మద్రాసు ప్రాంతానికి ఏకంగా చట్టమే వచ్చింది. జనం అప్పటికే ఎగ్గొట్టడం మొదలుపెట్టారన్నమాట! పాతకాలం వాళ్లంతా ధర్మాత్ములని నేను చెప్పబోవడం లేదు.

అసలు విషయం ఒండ్రుమట్టి దగ్గరుంది. ఎండాకాలం చెరువు ఎండగానే రైతులు బండ్లు కట్టి ఆ మట్టిని పొలాలకు తోలుకునేవాళ్లు. ఎరువు కోసం చేసిన పనే అది, కానీ చెరువుకూ మేలు చేసేది. వాన నీళ్లతో కొట్టుకొచ్చిన పేడ, ఆకు, అలములోని భాస్వరం (మొక్కల్నీ నాచునీ పెంచే పోషకం) మట్టిలో చేరితే, ఏటా కొంత బండ్లకెక్కి బయటికి పోయేది. తర్వాత ఎరువు బస్తాలు వచ్చాయి, మట్టి తోలడం తగ్గింది. బోర్లు వచ్చాయి, చెరువు అవసరం తగ్గింది. 1970ల్లో కల్యాణి డ్యాం కట్టారు, ఆపైన తెలుగుగంగ నీళ్లూ అందాయి. కొళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో చెరువు ఎవరికి గుర్తుంటుంది? గుర్తుపెట్టుకున్నది డ్రైనేజీ ఒక్కటే. పల్లానికి పారే మురుగు పాత వంకల దారి పట్టి చెరువులోనే తేలుతోంది.

బయటికి పోవడం ఆగి, లోపలికి రావడం పెరిగింది. మరుగుదొడ్ల నీళ్లలో, కొన్ని సబ్బుపొడుల్లో, పొలాల ఎరువుల్లో ఉన్న భాస్వరం తిని నాచు, గుర్రపుడెక్క బలుస్తాయి. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, కుళ్లినది ఇంకా లాగేస్తుంది. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలతాయి. ఎవరో విషం కలిపారని గొడవపడతారు గానీ చాలాసార్లు ఆ విషం మన బాత్రూముల నుంచి వచ్చిందే.

అందుకే నా లెక్కలో మొదటి పని సెప్టిక్ ట్యాంకు. మా వీధిలో ఒకాయన రెండంతస్తుల ఇల్లు కట్టి, ట్యాంకు పైపు నేరుగా కాలువలో కలిపాడు. అడిగితే "అందరిదీ అంతే కదన్నా" అన్నాడు. నిజమే, అందరిదీ అంతే. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తోడించడం, పొంగే నీళ్లకు ఇంకుడు గుంత తవ్వించడం ఖర్చే. తోడిన లారీ ఎక్కడ పారబోస్తుందో కూడా అడగాలి. రాత్రిపూట వంకలో వదిలేసే లారీకి డబ్బులిచ్చినా మనం చేసింది సున్నా.

మిగతావి చిన్న పనులు. సబ్బుపొడి గుప్పెడు బదులు చెంచాతో వేయడం, వేయించిన నూనె సింకులో పొయ్యకపోవడం, బండి చెరువు గట్టున కడగకపోవడం, పురుగుమందు కొట్టిన డబ్బా వంకలో జాడించకపోవడం. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి కాలువలోని చెత్త అంతకుముందే తీయాలి. మొదటి వాన వీధి మకిలంతా చెరువుకు మోసుకుపోతుంది.

వినాయక చవితి వేరే కథ. ప్లాస్టర్ విగ్రహాల మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో మార్గదర్శకాలిచ్చి, 2020లో ఇంకా గట్టి చేసింది. అయినా వీధి కమిటీల మధ్య ఎత్తుల పోటీ ఆగదు. మా ఇంట్లో మాత్రం మట్టి వినాయకుణ్ణి బకెట్లో నిమజ్జనం చేస్తాం. మర్నాటికి అడుగున మెత్తటి బురద మిగులుతుంది. మా అమ్మ దాన్ని కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, "ఒండ్రుమట్టిరా, వాళ్ల తాత బండ్లు బండ్లు తోలినాడు" అంటుంది మా నాన్న వైపు చూసి.